ట్రైలర్ వీల్ బేరింగ్‌లు కొంటున్నారా? పెట్టె మీద పేరు చూసి నమ్మకండి

అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ పెట్టుకుని పిల్లలతో ఊళ్లు తిరుగుతున్న మనవాళ్లందరికీ ఈ హెచ్చరిక. 2021లో ఇక్కడ 6 లక్షల ఆర్‌వీలు (ట్రావెల్ ట్రైలర్ల లాంటి విహార వాహనాలు) తయారై డీలర్లకు చేరాయి. కోవిడ్ రోజుల్లో కొన్న ఆ ట్రైలర్లకు ఇప్పుడు బేరింగ్‌లు మార్చే వయసొచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతున్నవాటిలో అవీ ఉన్నాయి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే "కంప్లీట్ కిట్" ఎవరైనా కార్ట్‌లో పెట్టుకుని ఉంటే, దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి.

మేం కొన్న కిట్ సంగతి చెబుతాను. రెండు యాక్సిళ్లకు, అంటే నాలుగు చక్రాలకు సరిపడా లోపలి బేరింగ్‌లు, బయటి బేరింగ్‌లు, రేసులు (బేరింగ్ రోలర్లు దొర్లే ఉక్కు రింగులు), గ్రీజు బయటికి రాకుండా ఆపే సీళ్లు, కాటర్ పిన్నులు అన్నీ కలిపి 40 డాలర్ల లోపే. పెట్టె మీద అందరికీ తెలిసిన బ్రాండ్ లోగో, సరైన పార్ట్ నంబర్, బార్‌కోడ్ అన్నీ ఉన్నాయి. సెల్లర్‌కు మంచి రివ్యూలు కుప్పలుగా ఉన్నాయి. ఆర్‌వీ పనిలో చేయి తిరిగిన మెకానిక్ పాత గ్రీజంతా కడిగి, కొత్త గ్రీజు చేత్తో పట్టించి, పద్ధతిగా బిగించాడు.

డాలస్ నుంచి యూఎస్ 287 మీద పాలో డ్యూరో కాన్యన్‌కు బయలుదేరాం. చిల్డ్రెస్ దగ్గర గ్యాస్ కోసం ఆగితే కాలిన గ్రీజు వాసన. కుడివైపు వెనక చక్రం హబ్ (చక్రం మధ్య భాగం) మూత అంచు నుంచి సన్నగా పొగ వస్తోంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూస్తే మిగతా మూడు హబ్‌లు 130 డిగ్రీల ఫారెన్‌హీట్ అటూ ఇటూ ఉన్నాయి, అదొక్కటే 300 దాటింది. అదే రోడ్డు మీద ఇంకాస్త దూరం పోయి ఉంటే చక్రం ఊడిపోయేది. ఊడిన చక్రం మన ట్రైలర్‌ను మాత్రమే పాడుచేసి ఊరుకోదు, ఎదురుగా వచ్చే వాళ్ల విండ్‌షీల్డ్ మీదకు పోతుంది. తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

అక్కడికి వచ్చిన మొబైల్ మెకానిక్ డ్రమ్ లాగాడు. బయటి బేరింగ్ కేజ్, అంటే రోలర్లను విడివిడిగా పట్టి ఉంచే చట్రం, తునకలైపోయింది. రోలర్లు చెల్లాచెదురై, కొన్ని అరిగి పలకలు తేలాయి. రేస్ నీలంగా మారింది, అంటే ఉక్కు తట్టుకోలేనంత వేడెక్కింది. స్పిండిల్ (బేరింగ్‌లు కూర్చునే యాక్సిల్ కొన) మీద గోరు తగిలేంత లోతుగా గాట్లు. సీల్ చిరిగి గ్రీజంతా బ్రేక్ షూల మీదకు చేరింది. గ్రీజు పీల్చిన షూలు కడిగితే బాగుపడవు, కొత్తవి వేయాల్సిందే.

అసలు విషయం ఆ తర్వాత బయటపడింది. అనుమానమొచ్చి మిగతా హబ్‌లు కూడా విప్పించాం. పాడవని బేరింగ్ ఒకటి తీసుకుని, దాని మీద బ్రేక్ క్లీనర్ కొట్టి గుడ్డతో తుడిచాడాయన. బ్రాండ్ పేరు గుడ్డకు అంటుకుని వచ్చేసింది! పైపైన వేసిన ఇంకు అది. మంచి కంపెనీల బేరింగ్‌ల మీద పేరు, నంబర్ ఉక్కులోనే చెక్కి ఉంటాయి, తుడిస్తే పోవు. రేసుల మీద కంపెనీ పేరే లేదు, ఉత్త నంబర్ మాత్రమే. పెట్టె మాత్రం అచ్చం అసలు దానిలాగే ఉంది.

ఇంత చిన్న వస్తువులో నాణ్యత తేడా ఎంతుంటుందిలే అని చాలామంది అనుకుంటారు. ఒక వైపు సన్నబడే రోలర్లున్న ఈ టేపర్డ్ రోలర్ బేరింగ్‌కు 1898లో హెన్రీ టిమ్‌కెన్ పేటెంట్ పొందారు. ఆయన సెయింట్ లూయిస్‌లో గుర్రపు బగ్గీలు తయారుచేసేవారు. నిలువు బరువునూ, మలుపుల్లో పక్కకు వచ్చే తోపునూ ఒకేసారి మోయడం దీని గొప్పతనం. అయితే అన్ని రోలర్లూ ఒకే కొలతలో ఉంటేనే ఆ బరువు అన్నిటి మీదా సమానంగా పడుతుంది. ఒక్క రోలర్ వెంట్రుకవాసి లావుగా ఉన్నా బరువంతా దాని నెత్తినే పడుతుంది. ఉక్కు సరిగా గట్టిపరచకపోతే దాని ఉపరితలం పెచ్చులూడుతుంది, ఆ పెచ్చులు గ్రీజులో కలిసి మిగతావాటిని తినేస్తాయి. ఇదేదీ కొనేటప్పుడు కంటికి కనబడదు. నకిలీ వాళ్లు ఆడుకునేది దానితోనే.

ఇక కొనే పద్ధతి. ట్రైలర్ మోడల్, ఏడాది చెప్పి కొనకండి. ఒకే మోడల్‌కు వేర్వేరు యాక్సిళ్లు వేసి ఉండొచ్చు. పాత బేరింగ్ విప్పి, తుడిచి, దాని మీద నంబర్ చదవండి. 3,500 పౌండ్లు మోసే యాక్సిల్‌కు ఎక్కువగా లోపల ఎల్68149, బయట ఎల్44649 ఉంటాయి. 5,200, 6,000 పౌండ్ల వాటికి చాలావరకు లోపల 25580, బయట ఎల్ఎం67048. 7,000 పౌండ్లదైతే లోపల అదే 25580, బయట 14125ఎ. రేస్ నంబర్ కూడా విడిగా చదవండి, ఇది చాలా ముఖ్యం. ఎల్68149కు ఎల్68110, ఎల్68111 అని రెండు రేసులు దొరుకుతాయి, వాటి బయటి కొలతలో తేడా ఉంది. పెద్దది పట్టే హబ్‌లో చిన్నది వదులుగా తిరుగుతుంది. "ఏదైనా సరిపోతుంది" అనే సెల్లర్ మాట నమ్మొద్దు. పాత రేస్‌లో కొత్త బేరింగ్ పెట్టే పని కూడా వద్దు, రెండూ జతగానే మార్చాలి.

టిమ్‌కెన్, ఎస్‌కేఎఫ్, ఎన్‌టీఎన్, కోయో లాంటివి నమ్మకమైన పేర్లు. కానీ ఆ పేరున్న సరుకును వాళ్ల అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గరే తీసుకోండి. ఊళ్లో బేరింగ్‌లు మాత్రమే అమ్మే ఇండస్ట్రియల్ సప్లై షాపు ఉంటే అన్నిటికన్నా అదే మంచిది, నంబర్ చెబితే కౌంటర్ మీద పెడతారు, చేతిలోకి తీసుకుని చూసుకోవచ్చు. ఏ దేశంలో తయారైందన్న దాన్ని బట్టి అసలో నకిలీయో తేల్చకండి. పెద్ద కంపెనీలకు చాలా దేశాల్లో ఫ్యాక్టరీలున్నాయి, టిమ్‌కెన్‌కు మన జంషెడ్‌పూర్‌లోనూ ఉంది. ఎస్‌కేఎఫ్ సరుకు మీద అనుమానముంటే వాళ్ల ఆథెంటికేట్ యాప్‌లో ఫోటోలు పంపితే పరిశీలించి చెబుతారు.

మాకు టోయింగ్, కొత్త యాక్సిల్, బ్రేకులు, అసలైన బేరింగ్‌లు అన్నీ కలిపి రెండు వేల డాలర్లు దాటింది. సెల్లర్‌ను అడిగితే "బిగించడంలో తప్పు" అన్నాడు. తుడిచినప్పుడు ఇంకు పోతున్న వీడియో పంపాక కిట్ డబ్బు మాత్రం వెనక్కిచ్చాడు. ఆ లిస్టింగ్ మాయమై, అవే ఫోటోలతో వేరే పేరు కింద మళ్లీ వచ్చింది. అందుకే ఇలాంటిది జరిగితే విరిగిన ముక్కలు, పెట్టె, రసీదు పారేయకండి. క్రెడిట్ కార్డు కంపెనీకి డిస్‌ప్యూట్ వేయండి, ఎన్‌హెచ్‌టీఎస్ఏ (రోడ్డు భద్రత చూసే ఫెడరల్ సంస్థ) వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. మేం రెండూ చేశాం.

ఇలాంటి కిట్ ఇప్పటికే బిగించేసి ఉంటే, ఈ వీకెండ్ ప్రయాణం వాయిదా వేసుకోండి. ట్రైలర్‌ను సరిగ్గా జాకీ మీద లేపి ఒక్కో చక్రం తిప్పి చూడండి, గరగరమన్నా, పైనా కిందా పట్టుకుని ఊపితే బాగా కదిలినా వెంటనే విప్పించండి. ఏమీ వినపడకపోయినా ఒక్క హబ్ అయినా తెరిచి, ఆ పేరు మీద బ్రేక్ క్లీనర్ కొట్టి తుడవండి. పేరు చెరిగిపోతే నాలుగు చక్రాలవీ మార్చేదాకా బండి కదపకండి.