మిగిలిన లైఫ్‌తో ఎంత దూరం: ఇరవై ఏళ్ల సర్వైవల్ ఆట

ముందే చెప్పేస్తాను, నేను గొప్ప ఆటగాణ్ణి కాను. ఆన్‌లైన్‌లో ఎవరితో తలపడినా మూడు నిమిషాల్లో ఇంటికి పంపించేస్తారు. అయినా ఫైటింగ్ గేముల్లో, ఓడేదాకా ఒకడి తర్వాత ఒకడితో తలపడే సర్వైవల్ అనే ఆ ఒక్క మూల గురించి మాట్లాడే హక్కు నాకుందని అనుకుంటాను. ఇరవై ఏళ్లుగా నేను ఆడుతున్నది దాదాపు అదొక్కటే.

మొదలైంది నల్లగొండలో, రామగిరి వైపు ఒక గల్లీలో. గేమ్ షాపు అంటే ఇనుప షట్టరు, నాలుగు టీవీలు, ప్లాస్టిక్ స్టూళ్లు, ఓనరు చేతిలో టైములు రాసుకునే నోటు పుస్తకం. అరగంటకు ఐదు రూపాయలు. అక్కడ మేం ఆడింది టెక్కెన్ 3 అనే ఫైటింగ్ గేము. అది డబ్బులు వేసి ఆడే ఆర్కేడ్ మెషీన్లలో 1997లో, టీవీకి కలిపి ఆడే ప్లేస్టేషన్ మీద 1998లో వచ్చింది. మా గల్లీకి అది చేరి, పాతబడి, ఇంకా ఆడుతుండగానే బయట దాని తర్వాతి భాగాలు వచ్చేశాయి. మాకేమీ లోటు తెలియలేదు.

నేనూ ఒక మిత్రుడూ చెరి రెండున్నర వేసుకుని అరగంట తీసుకునేవాళ్లం. పద్ధతి ఒకటే: ఓడినవాడు రిమోట్ (ఆట ఆడే బటన్లున్న కంట్రోలర్‌ను మేం అలాగే పిలిచేవాళ్లం) ఇచ్చేయాలి. ఇద్దరం ఎదురెదురుగా ఆడితే గొడవలు. అందుకని మెనూలో సర్వైవల్ ఎంచుకుని వంతులవారీగా ఆడేవాళ్లం. అందులో గెలుస్తున్నంతసేపు రిమోట్ నీదే. వాళ్లకు బత్తాయి తోట ఉండేది. నా వంతు నడుస్తుంటే వాడు జేబులోంచి కాయ తీసి, తొక్క ఒలిచి, తొనలు ఒక్కొక్కటే తింటూ నేను ఎప్పుడు ఓడతానా అని చూస్తూ కూర్చునేవాడు. ఆ షాపు వాసన అడిగితే ఇప్పటికీ బత్తాయి తొక్క అనే చెబుతాను.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. మామూలు ఆటలో ప్రతి ఫైటూ నిండు లైఫ్‌తో మొదలవుతుంది. సర్వైవల్‌లో ఒకణ్ణి పడగొట్టగానే ఇంకొకడు వచ్చి నిలబడతాడు. తెర మీద లైఫ్ చూపించే గీత వాడిది నిండుగా ఉంటుంది, మనది మిగిలినంతే. గెలిచినందుకు కాస్త తిరిగి పోస్తారు. 1992 నాటి మోర్టల్ కొంబాట్‌లోనే దీని మొలక ఉంది: ఎండ్యూరెన్స్ ఫైటులో ఒకడు పడగానే రెండోవాడు దూకుతాడు, మన గీత మాత్రం ఎక్కడిదక్కడే. తర్వాత వచ్చిన ఆటలు ఆ ఇద్దరిని పదిమందిని చేశాయి, వందమందిని చేశాయి. ఎన్ని ఆటలు ఆడినా నాకు చివరికి తేలింది ఇదే: శత్రువులు ఎంతమంది, ఎంత గట్టివాళ్లు అన్నది తర్వాతి మాట. గెలిచిన ప్రతిసారీ ఎంత పోస్తారు అన్న దాని మీదే ఆట నిలబడుతుంది. ఎక్కువ పోస్తే నిద్ర వస్తుంది. ఏమీ పోయకపోతే అది శిక్ష.

టెక్కెన్ 3 లో ఆ కొలత సరిగ్గా కుదిరింది. గెలిచాక గీత కొంచెం జరుగుతుంది, బొటనవేలి గోరంత. ఆ గోరంత కోసమే ఆడతాం. మొదటి అయిదారుగురు మరీ మెతక. ఎడ్డీ గోర్డో అనే పాత్రను పట్టుకుని రెండు కిక్ బటన్లూ ఎడాపెడా నొక్కితే చాలు, పిల్లవాడు కూడా దాటేస్తాడు. షాపులో సగం మంది ఎడ్డీలే. ఆ తర్వాత నుంచి కంప్యూటర్ కాచుకోవడం మొదలుపెడుతుంది, పట్టుకుని విసరడం మొదలుపెడుతుంది, అక్కడ ఎడ్డీలందరూ వరసగా రాలిపోతారు.

నేను పాల్ అనే పాత్రను ఎంచుకునేవాణ్ణి. కింద బాణం నుంచి ముందు బాణానికి వేలిని జార్చి ట్రయాంగిల్ నొక్కితే వచ్చే గుద్దు ఉందే, అది తగిలితే ఎదుటివాడి గీతలో పెద్ద ముక్క ఎగిరిపోతుంది. తగలకపోతే మనం చెయ్యి చాపుకుని బొమ్మలా నిలబడిపోతాం. మామూలు ఫైటులో ఆ జూదం ఆడవచ్చు. సర్వైవల్‌లో పదో మనిషి తర్వాత ఆ గుద్దును దాచుకోవాలి. కాలి దగ్గర చిన్న తన్ను, ఒకడుగు వెనక్కి, మళ్లీ చిన్న తన్ను. చూసేవాడికి విసుగు. ఆడేవాడికి మాత్రం గుండె గొంతులో ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. పదిహేడో వాడి చేతిలో ఓడిపోతే పదిహేడోవాణ్ణి తిడతాం. నేను కొన్నాళ్లు నోటు పుస్తకం వెనక పేజీలో లెక్క రాసి చూశాను (ఓనరు ఏమీ అనలేదు): లైఫ్ పోయింది అసలు నాలుగో వాడి దగ్గర, ఆరో వాడి దగ్గర. వాళ్లు ఏం చేయలేరులే అని పక్కనున్నవాడితో మాట్లాడుతూ ఆడిన ఫైటుల్లో. మెతకవాడు ఒక్క కిక్ వేస్తాడు, అది తగులుతుంది, గోరంత పోతుంది. అలా మూడు గోళ్లు పోతే పదిహేడో వాడి ముందు ఒక్క తన్నుకు కూలిపోయే స్థితిలో నిలబడతాం. బలహీనమైన శత్రువుల వరస అంటే ఆకతాయి ఆట అనుకునేవాళ్లకు ఈ లెక్క చూపించాలని ఉంటుంది.

మా రెండో టీవీ రిమోట్‌కు ఎడమ బాణం పనిచేసేది కాదు. నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి ఉండేది, దాని కింద రబ్బరు అరిగిపోయింది. ప్రతి కొత్త ఫైటులోనూ మనం ఎడమవైపే మొదలవుతాం కాబట్టి ఎడమ బాణం లేకపోతే వెనక్కి తగ్గడమే కుదరదు. రెండు నెలలు అలాగే ఆడాను. ఏ బాణమూ నొక్కకుండా ఊరికే నిలబడితే మన మనిషి తనంతట తానే చాలా దెబ్బలు కాచుకుంటాడని అప్పుడే తెలిసింది. చేతులు ఊరుకోబెట్టడం నాకు ఆ టేపు చుట్టిన రిమోట్ నేర్పింది. తర్వాత మంచి రిమోట్ దొరికినా ఆ అలవాటు పోలేదు.

ఇరవై ఏడు గెలుపుల మీద ఉండగా కరెంటు పోయిన సాయంత్రం ఒకటుంది. ఓనరు టార్చి వేసి పుస్తకం చూసి, "పన్నెండు నిమిషాలు మిగిలాయి, రేపు వచ్చి ఆడుకో" అన్నాడు. న్యాయంగానే అన్నాడు. "అన్నా, ఇరవై ఏడు?" అని అడిగాను. "అది నా పుస్తకంలో లేదు కదా" అన్నాడు.

అదే ఆటలో టెక్కెన్ ఫోర్స్ అని ఇంకో రకం ఉంది. అక్కడ ఒక్కొక్కడే వచ్చి నిలబడడు, గుంపుగా వస్తారు. పక్కకు నడుస్తూ పోతుంటే ముందు ఇద్దరు, వెనక ఒకడు. క్రో, ఫాల్కన్, హాక్, ఔల్ అని సైనికుల పేర్లన్నీ పక్షులవే. నాలుగు దశలు, ప్రతి దానికీ టైము. దెబ్బలు తిన్నాక దారిలో కాల్చిన కోడి కనిపిస్తుంది, దాని మీదికి నడిస్తే లైఫ్ వస్తుంది. నేల మీద పడి ఉన్న కోడిని అంత ఆశగా ఇంకెక్కడా చూసి ఉండను. కానీ నిజం చెప్పాలంటే ఆ ఆట ఎదురుగా ఒక్కడే ఉంటాడని అల్లిన ఆట. వెనకవాడి వైపు తిరగడానికి పట్టే క్షణంలో ముందున్నవాడు తన్నేస్తాడు. దాన్ని నాలుగుసార్లు పూర్తి చేస్తే డాక్టర్ బోస్కోనోవిచ్ అనే పాత్రతో తలపడే అవకాశం వస్తుంది. ఓడిస్తే ఎంచుకుని ఆడటానికి ఆయన మనకు దక్కుతాడు. అంత కష్టపడి సంపాదిస్తే, ఆయన నడుస్తూ నడుస్తూ నేల మీద పడిపోతుంటాడు. మా మిత్రుడు వారం రోజులు దానికి నవ్వాడు.

స్ట్రీట్ ఫైటర్ 5 నా చేతికి వచ్చింది బాగా ఆలస్యంగా, పాత పీఎస్ 4 (ప్లేస్టేషన్ 4) కొనుక్కున్నాక. ఆట 2016లో విడుదలైంది. ఇందులో సర్వైవల్ నాలుగు మెట్లు: పది ఫైట్లు, ముప్పై, యాభై, వంద. పూర్తి చేస్తే ఆ పాత్రకు కొత్త రంగుల దుస్తులు వస్తాయి. ఇందులో కొత్తదనం ఫైటుకూ ఫైటుకూ మధ్య ఉంది. అప్పటిదాకా వచ్చిన పాయింట్లు ఖర్చు పెట్టి లైఫ్ కొనుక్కోవచ్చు, లేదా తర్వాతి ఫైటుకు బలం కొనుక్కోవచ్చు. కాగితం మీద ఇది నాకు ఎంతో నచ్చాల్సిన ఆలోచన. కిరాణా కొట్టు ముందు జేబులో డబ్బులు లెక్కపెట్టుకునే ఆట కదా.

ఆడి చూస్తే తూకం తప్పింది. నాకు అనిపించినంతవరకూ మొదటి సగం మంది మరీ మెతక, వాళ్లను కొడుతూ కొడుతూ చెయ్యి మొద్దుబారుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా మనం నొక్కేది ముందే తెలిసినట్టు కాచుకునేవాడు వస్తాడు. ఓడితే మొదటి ఫైటు నుంచి. ముప్పై ఫైట్ల మెట్టులో ఇరవై తొమ్మిదో వాడి దగ్గర పడిపోతే, వాడితో మళ్లీ ఒక నిమిషం తలపడటానికి ఇరవై ఎనిమిది మంది మెతకవాళ్లను మళ్లీ కొట్టుకుంటూ రావాలి. ఓటమి నుంచి నేర్చుకోవాలంటే ఓడించినవాణ్ణి త్వరగా మళ్లీ చూడగలగాలి. వంద ఫైట్ల మెట్టు జోలికి రెండుసార్లు వెళ్లి మానేశాను. ముప్పైది మాత్రం ర్యూ అనే పాత్రతో పూర్తి చేశాను, వచ్చిన రంగు దుస్తులు వేసి ఒక్కరోజు కూడా ఆడలేదు.

ఫోన్లో అయితే షాడో ఫైట్ 2. నల్లటి నీడ బొమ్మలు, ఇందులో సర్వైవల్ పది రౌండ్లు. పనిమీద నెలకు నాలుగుసార్లు హైదరాబాద్ వెళ్లే నాకు ఇది బస్సుకు కుట్టించినట్టు సరిపోయింది. నల్లగొండ బస్టాండులో మొదలుపెడితే నార్కట్‌పల్లి వచ్చేలోపు రెండు ప్రయత్నాలు అవుతాయి, చిట్యాల దాటాక ఆడేందుకు శక్తి గుర్తులు అయిపోతాయి, మళ్లీ నిండేదాకా ఆగాలి. చౌటుప్పల్ దగ్గర ఒకసారి చూసుకుంటే ఇంకో ఆట దొరుకుతుంది. ప్రతి రౌండుకూ నాణేలు పెరుగుతాయి, మధ్యలో ఓడినా అప్పటిదాకా వచ్చినవి మనవే. ఇది దయగల ఏర్పాటు. లోపం ఏమిటంటే ఆయుధం, కవచం మెరుగుపరుచుకుంటే పది మందీ గడ్డిపోచలు, మెరుగుపరుచుకోకపోతే ఎనిమిదోవాడు కొండ. చేతి నేర్పుకు మిగిలే చోటు తక్కువ. కానీ టచ్ స్క్రీన్ మీద, గుంతల రోడ్డు మీద అంతకంటే నేర్పు చూపించగలనని నేనూ అనుకోను.

మా అక్కాబావలు డాలస్‌లో ఉంటారు. ఒక ఎండాకాలం మేనల్లుడు వస్తూ నింటెండో స్విచ్ అనే గేమ్ మెషీన్ తెచ్చాడు. బయట అడుగుపెట్టలేని ఎండ, ఇంట్లో కూలర్ చప్పుడు, టీవీలో సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్. 2018 నాటి ఆట. ఇందులో అసలు లైఫ్ గీతే లేదు. దెబ్బ తిన్నకొద్దీ మన దగ్గర ఒక శాతం పెరుగుతుంది. శాతం ఎంత పెరిగితే, తర్వాతి దెబ్బకు అంత దూరం ఎగిరిపోతాం. తెర అవతల పడితే పోయినట్టే. సర్వైవల్‌కు ఇది ఎంత బాగా నప్పుతుందో ఆడితేగానీ తెలియదు. వందమందిని కొట్టే సెంచురీ స్మాష్‌లో వాళ్లు గుంపులు గుంపులుగా వస్తారు, ఒక్క ఊపుకు ముగ్గురు నలుగురు ఎగిరిపోతారు. ఈ ఆటల వరసలో 2001లో వచ్చిన మెలీ అనే భాగం నుంచీ ఈ గుంపుల పోటీ ఉంది. అప్పుడు వచ్చేవి ముఖం కూడా లేని తీగ బొమ్మలట. ముఖం లేనివాళ్లను ఎగరేయడంలో పాపభీతి కూడా ఉండదు.

వందమందినీ మొదటి రోజే దాటేశాను. మీసం తిప్పేలోపు వాడు మెనూలో పక్కనున్న క్రూయెల్ స్మాష్ నొక్కాడు. అక్కడికి వచ్చేవాళ్లూ చూడటానికి మామూలువాళ్లే. కానీ వాళ్లు తాకితే చాలు మనం తెర బయట ఉంటాం, మనం కొడితే వాళ్లు కాస్త జరుగుతారు. సాయంగా ఒక్క వస్తువు కూడా పడదు. నేను పదకొండు సెకన్లు నిలబడ్డాను.

"మామయ్యా, నువ్వు అందరినీ కొట్టాలని చూస్తున్నావు. కొట్టకు. అంచుదాకా రానివ్వు, అక్కడ తప్పుకో, వాళ్లే పడతారు" అన్నాడు.

వాడి వయసు పదకొండు. టేపు చుట్టిన రిమోట్‌తో నేను రెండు నెలల్లో నేర్చుకున్నది వాడు ఒక వాక్యంలో చెప్పేశాడు. ఆ సెలవుల్లో నేను ఇద్దరిని పడగొట్టగలిగాను, వాడు నలుగురిని. డాలస్ వెళ్లాక ఏడు అని రాసి ఉన్న తెర ఫొటో పంపాడు.

కొత్తగా మొదలుపెట్టేవారు నన్నడిగితే, ఇంట్లో పిల్లలుంటే స్మాష్, బస్సుల్లో తిరిగేవారైతే షాడో ఫైట్ 2 అంటాను. స్ట్రీట్ ఫైటర్ 5 లో సర్వైవల్ కోసమే అయితే డబ్బు పెట్టవద్దు, ఎదుటి మనిషితో ఆడటానికైతే అది వేరే సంగతి. టెక్కెన్ 3 కోసం మాత్రం నేను పోయిన సంక్రాంతికి పాత ప్లేస్టేషన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో వెతికి మరీ కొన్నాను, ఈసారి రికార్డులు దాచుకునే మెమరీ కార్డుతో సహా. దాన్ని మామూలు టీవీకి కలపడానికి ఒక అడాప్టర్ కావాల్సి వచ్చింది. బొమ్మ కాస్త మసకగా వస్తుంది. నా రికార్డు ప్రస్తుతం ముప్పై నాలుగు.

మొన్న ఆదివారం ఆ బత్తాయి తోట మిత్రుడు వచ్చాడు. తోట ఇప్పటికీ ఉంది, జుట్టే లేదు. మొదటి వంతు వాడికిచ్చాను. ఎడ్డీని ఎంచుకున్నాడు, ఇంకెవరిని ఎంచుకుంటాడు. ఏడో మనిషి పట్టుకుని విసిరేశాడు. ఏమీ మాట్లాడకుండా రిమోట్ నా చేతిలో పెట్టాడు. నేను పదకొండో మనిషి దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి తొక్క చీల్చిన చప్పుడు వినిపించింది.