పేర్ల అర్థాల యాప్: షర్లీ దగ్గర తప్పటడుగు వేసింది

అక్క కూతురికి షర్లీ అని పేరు అనుకున్నారు, అర్థం కనుక్కోమని బావ నాకు చెప్పాడు. అందుకని పేర్ల మూలాలు చెప్పే యాప్ ఒకటి డబ్బు కట్టి తీసుకుని రెండు వారాలు వాడాను. వెతకడం తేలిక, ఉచ్చారణ ఆడియో చాలా స్పష్టంగా ఉంది, యాడ్స్ లేవు. ఇంతవరకు బాగుంది.

షర్లీ పేజీ తెరిస్తే మాత్రం ఒకటే లైను: 'మూలం ఇంగ్లీష్, హీబ్రూ. అర్థం వెలుగు మైదానం, నా పాట.' ఇది చదివినవాళ్లు ఒకే మాటకి రెండు అర్థాలు అనుకుంటారు కదా, కానీ ఇవి రెండు వేర్వేరు పేర్లు, ఒకదానికొకటి చుట్టరికం లేదు. పాత ఇంగ్లీషులో 'షీర్' అంటే వెలుగు, 'లేయా' అంటే అడవిలో చెట్లు లేని జాగా. అలా మొదట ఊళ్ల పేరయింది (డెర్బీషైర్‌లో ఇప్పటికీ షర్లీ అనే ఊరుంది), తర్వాత ఇంటిపేరు, తర్వాత మగవాళ్ల పేరు. 1849లో షార్లెట్ బ్రాంటీ తన నవలలో కథానాయికకి ఈ పేరు పెట్టాక ఆడపిల్లల పేరుగా మారడం మొదలైంది, 1930లలో బాలనటి షర్లీ టెంపుల్ వల్ల అమెరికాలో ఎక్కడ చూసినా ఇదే పేరు. ఇంత కథ యాప్‌లో ఒక్క ముక్క లేదు!

హీబ్రూలో కూడా 'షీర్' అనే మాటే ఉంది, కానీ అక్కడ దాని అర్థం పాట. 'లీ' అంటే నాకు, నాది. షీన్, యోద్, రేష్, లామెద్, యోద్, ఐదు అక్షరాలతో షిర్లీ. బైబిల్లో మనం పరమగీతము అనే పుస్తకాన్ని హీబ్రూలో షీర్ హష్షిరీమ్ అంటారు, అందులో ఉన్నదీ ఈ షీరే. రెండు భాషల్లో శబ్దం ఇంత బాగా కలిసిందని తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో, అది చెప్పడానికే కదా ఇలాంటి యాప్ ఉండాలి.

అసలు కోపం వచ్చింది 'సంబంధిత పేర్లు' చూశాక. అక్కడ బైబిల్లోని యాకోబు భార్య లేయాని పెట్టారు. పాత ఇంగ్లీషు 'లేయా' స్పెల్లింగూ ఆమె పేరు స్పెల్లింగూ ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటే, అంతకుమించి ఏమీ లేదు. నిజానికి అక్కడ ఉండాల్సింది ఆష్లీ, అందులో ఉన్నదీ అదే అడవి జాగా.

5కి 3 స్టార్లు ఇస్తున్నాను. పేర్లు వెతుక్కోవడానికి, ఎలా పలకాలో వినడానికి తీసుకోండి. అర్థం చూసి పాపకి పేరు ఖాయం చేసేటట్టయితే ఒక మంచి నిఘంటువులో కూడా చూసుకోండి. ఈ రెండు మూలాలని విడివిడి పేజీలుగా పెట్టమని వాళ్లకి రాశాను, మారిస్తే స్టార్లు నేనూ మారుస్తాను.