‘మూడు సైట్లకూ ఒకే లాగిన్’ అంటూ వచ్చేవాళ్లతో జాగ్రత్త

మాది రావులపాలెం. ఆత్రేయపురం పూతరేకులు ఒక సైట్లో, పచ్చళ్లు ఇంకో సైట్లో, మా వదిన చూసుకునే బండారులంక చీరలు మూడో సైట్లో అమ్ముతున్నాం. పూతరేకులు కొన్నావిడే చీరలూ చూస్తారు, కానీ మళ్లీ కొత్తగా అకౌంట్ తెరవమంటే విసుక్కుని వెళ్లిపోతారు. ఒకచోట లాగిన్ అయితే మూడు చోట్లా అయిపోయేలా చేస్తానని ఒక డెవలపర్ వస్తే 30,000కి మాట్లాడుకుని, 18,000 అడ్వాన్స్ ఇచ్చాం.

తన ల్యాప్‌టాప్‌లో డెమో బ్రహ్మాండంగా చూపించాడు. వదిన ఐఫోన్‌లో మాత్రం చీరల సైటు మళ్లీ లాగిన్ అడిగింది. రెండు రోజుల్లో సరిచేశాడు. ఎలా చేశావని మేం అడగలేదు.

సంక్రాంతి ఆర్డర్ల హడావిడిలో ఉండగా కూకట్‌పల్లి నుంచి ఒకావిడ ఫోన్. “ఏమండీ, చీర బాగుందని మా చెల్లికి లింకు పంపితే, దాని ఫోన్లో నా పేరు, నా అడ్రసు, నేను కొన్నవన్నీ వస్తున్నాయేంటి?” నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

కాకినాడలో సాఫ్ట్‌వేర్ చేసే మా మేనల్లుడు చూసి చెప్పాడు. లాగిన్ అయినవాళ్లు ఎవరో గుర్తుండటానికి సైటు బ్రౌజర్‌లో దాచుకునే చిన్న చీటీని కుకీ అంటారట. ఒక సైటు పెట్టిన కుకీని బ్రౌజర్ ఆ సైటుకే ఇస్తుంది. మూడూ ఒకే డొమైన్ కింద సబ్‌డొమైన్లయితే, అంటే ఒకే సైటు పేరు ముందు వేరువేరు మాటలు తగిలించినవైతే, ఒక కుకీతో సరిపోయేదట. మావి మూడు వేరువేరు పేర్లు. మొదట ఆ డెవలపర్ థర్డ్ పార్టీ కుకీలతో, అంటే మనం చూస్తున్న సైట్లో వేరే సైటు వాడే కుకీలతో, నెట్టుకొచ్చాడు. ఐఫోన్‌లో వచ్చే సఫారీ బ్రౌజర్ 2020 నుంచే వాటిని పూర్తిగా ఆపేసింది, అందుకే ఐఫోన్‌లో పడలేదు. దాంతో సెషన్ ఐడీని, అంటే లాగిన్ అయినవాళ్లు ఫలానా అని సైటు గుర్తుపట్టే కోడ్‌ని, తీసుకెళ్లి లింకు చివర అతికించేశాడు! ఆ లింకు ఎవరి చేతికి వెళ్తే సైటుకి వాళ్లే ఆవిడ. ఇంటి తాళంచెవి వాట్సాప్‌లో పంచిపెట్టినట్టే కదా.

ఇంకోటి, పూతరేకుల సైట్లో లాగౌట్ అయినా చీరల సైట్లో లాగిన్ అలాగే ఉండిపోతోంది. ఇంట్లో నలుగురూ ఒకే ఫోన్ వాడే మన దగ్గర ఇదేం చిన్న విషయం కాదు.

అసలు పద్ధతి ఉంది, దాని పేరు ఓపెన్ఐడీ కనెక్ట్. లాగిన్‌కి వేరే సైటు ఒకటి ఉంటుంది. అక్కడ పాస్‌వర్డ్ కొట్టాక, కాసేపట్లో చెల్లకుండా పోయే, ఒక్కసారే పనిచేసే కోడ్‌తో మనల్ని వెనక్కి పంపుతుంది. మన సర్వర్ ఆ కోడ్ చూపించి వివరాలు తెచ్చుకుని, తన కుకీ తాను పెట్టుకుంటుంది. ఆ లాగిన్ సైటు నడపడానికి కీక్లోక్ లాంటి సాఫ్ట్‌వేర్ ఊరికే దొరుకుతుంది కూడా. డెవలపర్‌ని “ఓపెన్ఐడీ కనెక్టేనా?” అని అడగండి. నీళ్లు నమిలితే అడ్వాన్స్ ఇవ్వకండి. డెమో మీ ఐఫోన్‌లోనే చూడండి. లాగిన్ అయ్యాక లింకు కాపీ చేసి వేరే ఫోన్లో తెరవండి. మీ పేరు కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

మేం ఆ డెవలపర్ రాసిన ప్రోగ్రామంతా తీసేసి, అన్ని సెషన్లూ రద్దు చేసి, పాత పద్ధతిలో వేరువేరు లాగిన్లే పెట్టుకున్నాం. ఆవిడకి క్షమాపణ చెప్పాం. అతను ఫోన్ ఎత్తట్లేదు, 18,000 పోయినట్టే. భీమవరం వైపు రొయ్యల మేత షాపుల వాళ్లకి మా సైట్లే శాంపిల్‌గా చూపిస్తున్నాడని విన్నాను. అతను చేసినదేదీ ఇప్పుడు మా సైట్లలో లేదండీ.