ఈఎంఐ అన్నారు, నా పేరు మీద లోన్ తీశారు: ఇంగ్లిష్ కోర్సులో చేరబోయే డెవలపర్లు జాగ్రత్త

ఐటీలో పనిచేస్తూ "నా కోడింగ్ బాగానే ఉంది, ఇంగ్లిషే అడ్డమొస్తోంది" అని బాధపడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పోయిన ఆగస్టులో నేనూ అలాగే బాధపడి 53,100 రూపాయల కోర్సులో చేరాను. ఆ కోర్సు నాకు పనికి రాలేదు. దానికోసం తీసిన లోన్ మాత్రం ఇంకా నా పేరు మీద నడుస్తోంది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. వాళ్లు ఏం చేశారో తెలిస్తే మీరు ముందే ఆగగలరు, నాకు అది చాలు.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. వరంగల్‌లో బీటెక్ చేసి, ఆరేళ్లుగా హైదరాబాద్‌లో బ్యాకెండ్ డెవలపర్‌గా పనిచేస్తున్నాను. రాత్రి ఎనిమిదిన్నరకు అమెరికా టీమ్‌తో స్టాండప్ కాల్ (ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకునే చిన్న మీటింగ్) ఉంటే ఏడింటి నుంచే టెన్షన్ మొదలయ్యేది. చెప్పాల్సిన మూడు వాక్యాలూ నోట్‌ప్యాడ్‌లో రాసుకుని చదివేదాన్ని. ఒకరోజు క్లయింట్ వైపు ఆర్కిటెక్ట్ తన డిజైన్ వివరిస్తుంటే "ఐ హ్యావ్ ఎ డౌట్" అన్నాను. మనకు డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న. ఆయనకు మాత్రం ఆ డిజైన్ మీద నాకు నమ్మకం లేదన్నట్టు వినిపించింది. పది నిమిషాలు దాన్ని సమర్థించుకుంటూనే ఉన్నారు. "క్వశ్చన్ అని ఉంటే సరిపోయేది" అని మా లీడ్ తర్వాత చెప్పేదాకా ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు. ఆ ఏడాది అప్రైజల్‌లో కమ్యూనికేషన్ మెరుగుపడాలని రాశారు. సరిగ్గా ఆ వారమే ఫోన్‌లో ప్రకటన కనిపించింది: సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల కోసమే తయారుచేసిన ఇంగ్లిష్ కోర్సు, 90 రోజుల్లో ఫలితం గ్యారంటీ.

ఆదివారం ఫ్రీ డెమో. డెమో చెప్పిన సార్ నిజంగా బాగా చెప్పారు. ఒకరి స్టాండప్ అప్‌డేట్ తీసుకుని అక్కడికక్కడే సరిచేసి చూపించారు. ఇదే కదా నాకు కావలసింది అనిపించింది. డెమో అయిన గంటలో కౌన్సెలర్ ఫోన్. "మేడమ్, ఈ ఆఫర్ రాత్రి 12 వరకే. 45,000 ప్లస్ జీఎస్టీ. ఒకేసారి కట్టక్కర్లేదు, నెలకు 5,900 చొప్పున తొమ్మిది నెలలు, వడ్డీ లేదు. లింక్ పంపుతున్నా, నేను లైన్‌లోనే ఉంటా, ఓటీపీ కొట్టేయండి." ఆమె చెప్పిన చోటల్లా నొక్కాను. ఏ పేజీనీ చదవలేదు.

తొమ్మిది రోజుల తర్వాత క్లాసులు మొదలయ్యాయి. డెమో సార్ మళ్లీ కనిపించలేదు. బ్యాచ్‌లో 40 మంది, అందులో బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లూ, డిగ్రీ పిల్లలూ ఉన్నారు. ఆరు వారాలు టెన్సులు, ఆర్టికల్స్, హోటల్లో గది ఎలా అడగాలి, సెల్ఫ్ ఇంట్రడక్షన్. పుల్ రిక్వెస్ట్‌కు (నా కోడ్ మార్పును అసలు కోడ్‌లో కలపమని టీమ్‌ను అడగడానికి) వివరణ ఎలా రాయాలని అడిగితే "అవి అడ్వాన్స్‌డ్ మాడ్యూల్‌లో వస్తాయి" అన్నారు. ఆ మాడ్యూల్ తెరిస్తే 11 రికార్డెడ్ వీడియోలు. అందులో నేర్పిన ఈమెయిల్ వాక్యాలు "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్", "ప్లీజ్ రివర్ట్ బ్యాక్". మన ఆఫీసుల్లో ఇవి నడుస్తాయి, రివర్ట్ అంటే జవాబివ్వడం అనుకుంటాం. కానీ కోడ్ పనిలో రివర్ట్ అంటే చేసిన మార్పును వెనక్కి తీసేయడం. అమెరికా సహోద్యోగికి "ప్లీజ్ రివర్ట్" అని పంపితే ఏం అర్థం చేసుకుంటారో ఆలోచించండి. ఆ వీడియోల్లో చెప్పిన మేడమ్ cache అనే కంప్యూటర్ పదాన్ని క్యాష్ అనకుండా క్యాచే అని పలికారు. ఆమెను తప్పుపట్టను, ఆమె ఎప్పుడూ ఈ రంగంలో పనిచేసి ఉండరు. డెవలపర్ల కోసమే అని డబ్బు తీసుకుని ఆమెను అక్కడ కూర్చోబెట్టినవాళ్లదే తప్పు.

మనకు కావలసిన ఇంగ్లిష్ వేరు. మనవాళ్లం చాలామందిమి ముందు నేపథ్యమంతా చెప్పి అసలు విషయం చివర్లో చెబుతాం. స్టాండప్‌లో ఫలానా ఏపీఐ దగ్గర ఆగిపోయాను, ఫలానా వాళ్ల నుంచి ఇది కావాలి అన్నది మొదటి వాక్యంలోనే రావాలి. శుక్రవారానికి అవుతుందా అని అడిగితే, కాదని తెలిసి కూడా "ఓకే, ఐ విల్ ట్రై" అంటాం. అవతలివాళ్లు దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటారు, శుక్రవారం వచ్చాక మాట పడేది మనమే. కాదని మర్యాదగా చెప్పి, మంగళవారానికి ఎందుకు అవుతుందో వివరించడం నేర్పేవాళ్లు కావాలి. కోడ్ రివ్యూలో, అంటే ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు చూసేటప్పుడు, "నువ్వు తప్పు రాశావు" అనకుండా "ఇక్కడ నల్ (ఖాళీ విలువ) వచ్చే అవకాశం ఉందా" అని అడగడం, డిప్రికేటెడ్‌కూ (ఇక వాడొద్దన్నది) డిప్రీషియేటెడ్‌కూ (విలువ తగ్గినది) తేడా, కోడ్ మార్పుతో పాటు రాసే కమిట్ మెసేజ్‌ను "ఫిక్స్‌డ్" అని కాకుండా "ఫిక్స్" అని మొదలుపెట్టడం, ఇవన్నీ నా రోజువారీ పని. కోర్సులో వీటిలో ఒక్కటీ లేదు.

నవంబర్‌లో రిఫండ్ అడిగాను. చెల్లించిన మూడు రోజుల్లోపే అడగాలట. క్లాసులు మొదలైందే తొమ్మిదో రోజున కదా అంటే జవాబు లేదు. సరే, ఈఎంఐ ఆపేస్తానన్నాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. నేను ఆ సంస్థకు వాయిదాలు కట్టడం లేదు. ఒక ఫైనాన్స్ కంపెనీ నా పేరు మీద లోన్ ఇచ్చి, మొత్తం డబ్బు వాళ్లకు ఎప్పుడో ఇచ్చేసింది. వాయిదా ఆపితే బౌన్స్ చార్జీలు, సిబిల్ స్కోరు దెబ్బ నాకే. మేం హోమ్ లోన్‌కు పెట్టుకోబోతున్నాం, అందుకే ఏడుపొచ్చినా కట్టాను.

ఒక్క రోజు ఆగి చదివి ఉంటే బయటపడే దారి ఉండేది. యాప్‌లో ఇచ్చే ఇలాంటి లోన్లకు రిజర్వ్ బ్యాంక్ 2022లో నిబంధనలు పెట్టింది. లోన్ ఖరారయ్యే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అందులో అసలు ఖర్చు ఎంతో, కూలింగ్ ఆఫ్ గడువు ఎన్ని రోజులో ఉంటుంది. ఆ గడువులో అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టి పెనాల్టీ లేకుండా లోన్ వదులుకోవచ్చు. నాది మెయిల్‌లో పీడీఎఫ్‌గా వచ్చి పడి ఉంది, నేను తెరిచింది నవంబర్‌లో.

కాబట్టి డబ్బు కట్టేముందు ఒక పని చేయండి. పోయిన వారం మీరు రాసిన ఒక టికెట్ వివరణో, రివ్యూ కామెంటో తీసుకెళ్లండి. కంపెనీ వివరాలు తీసేయండి. మీకు రోజూ క్లాసు చెప్పబోయే మనిషినే దాన్ని సరిచేయమనండి, డెమో సార్‌ను కాదు. ఆ మనిషిని చూపించకపోతే వచ్చేయండి. బ్యాచ్‌లో ఎంతమంది, రిఫండ్ గడువు ఏ రోజు నుంచి లెక్క అన్నవి మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పినదానికి రుజువు ఉండదు. ఈ రాత్రికే ఆఫర్ అయిపోతుందంటే తొందరపడకండి. లేని తొందర సృష్టించడాన్ని కొనేవాళ్లను మభ్యపెట్టే ఎత్తుగడల (డార్క్ ప్యాటర్న్స్) మీద కేంద్రం 2023లో తెచ్చిన మార్గదర్శకాలు తప్పుగా పేర్కొన్నాయి.

నాకు పనికొచ్చినవి డబ్బు పెట్టనివే. గూగుల్ టెక్నికల్ రైటింగ్ కోర్సు ఉచితం, ఇంజినీర్ల కోసమే రాసింది, చిన్న వాక్యాలు రాయడం అక్కడే నేర్చుకున్నాను. కుబర్నెటిస్ లాంటి, కోడ్ అందరికీ తెరిచి ఉండే పెద్ద ప్రాజెక్టుల్లో రివ్యూ చర్చలు గిట్‌హబ్‌లో ఎవరైనా చదవొచ్చు. అభ్యంతరం ఎంత మెత్తగా చెబుతారో చూసి నా వాక్యాలు మార్చుకున్నాను. మా టీమ్‌లో శ్రీకాకుళం అమ్మాయి ఒకరున్నారు, ఆమెదీ నా బాధే. రోజూ ఇరవై నిమిషాలు ఇద్దరం ఇంగ్లిష్‌లోనే బగ్ గురించి మాట్లాడుకుంటాం, రికార్డు చేసుకుని వింటాం. నోట్‌ప్యాడ్ చూసి చదవడం జనవరిలో మానేశాను.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఇన్‌వాయిస్, ప్రకటన స్క్రీన్‌షాట్, చాట్‌లు, లోన్ పత్రం దాచుకోండి. ముందు సంస్థకు మెయిల్‌లో రాతపూర్వకంగా రాయండి, తర్వాత నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు చెల్లింపులకు సంబంధించిన కేసులకు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. లోన్ గురించి ఫైనాన్స్ కంపెనీకి ఫిర్యాదు రాశాక, అది 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు.

నేను డిసెంబర్‌లో 1915కు ఫిర్యాదు చేశాను. సంస్థ సగం వెనక్కి ఇస్తామంది, ఒప్పుకోలేదు, కమిషన్‌కు కాగితాలు సిద్ధం చేస్తున్నాను. ఇంకా మూడు ఈఎంఐలు ఉన్నాయి.