పూతరేకులు, కాజాలు, బందరు లడ్డు: నాలుగు రోజుల మిఠాయి యాత్ర

కిందటి ఏడాది సంక్రాంతికి అమెరికాలో ఉంటున్న మా అమ్మాయికి ఒక కొరియర్ సంస్థ ద్వారా పంపిన పూతరేకులు అక్కడికి చేరేసరికి పొడిపొడిగా నలిగి, నెయ్యంతా అట్టపెట్టెకు పట్టేసి, చెంచాతో ఎత్తుకుని తినవలసిన స్థితిలో ఉన్నాయి. ఈ సంగతి విన్న మా అమ్మ, "దుకాణంవాణ్ణి అడిగితే ఏం తెలుస్తుంది? రేకు తీసే మనిషిని అడగాలి" అన్నది. అమ్మ మండపేట దగ్గరి పల్లెలో పుట్టింది. వయస్సు 76 ఏళ్లు. మోకాళ్ల నొప్పులున్నా ప్రయాణమంటే వెనకాడదు. అందుకని ఈ మాఘమాసంలో ఇద్దరమూ హైదరాబాదు నుంచి బయలుదేరి ఆత్రేయపురం, తాపేశ్వరం, కాకినాడ, బందరు చూసి వచ్చాము. ఎక్కడ ఏది కొనదగినది, ఎక్కడ బస బాగుంది, ఏ మిఠాయి ఎంత దూరం ప్రయాణం చేయగలదు అన్నవి ఆ దారిన వెళ్లదలచినవారికి పనికివస్తాయని రాస్తున్నాను.

రాజమహేంద్రవరానికి గౌతమి ఎక్స్‌ప్రెస్ సౌకర్యంగా ఉంటుంది. రాత్రి ఎక్కితే తెల్లవారుజామున దింపుతుంది, పగలంతా చేతిలో ఉంటుంది. అయితే ఆ వేళకు గది సిద్ధంగా ఉంటుందో లేదో ముందే ఫోన్ చేసి గట్టిగా అడిగి పెట్టుకోవాలి. స్టేషనుకు దగ్గరలో మేము ముందుగా డబ్బు కట్టిన హోటల్లో లిఫ్టు ఉందని రాసి ఉంది. తీరా వెళ్లాక అది వారం రోజులుగా మరమ్మతులో ఉందనీ, ఖాళీగా ఉన్నది మూడో అంతస్తు గది ఒక్కటేననీ చెప్పారు. అక్కడ పనిచేసే కుర్రవాడు అమ్మకు చేయి అందించి, మెట్టుమెట్టుకూ ఆగుతూ పైదాకా తీసుకువెళ్లాడు, వేడినీళ్లు బకెట్టుతో తెచ్చి పెట్టాడు. అతని మర్యాదకు లోటు లేదు కానీ, యాజమాన్యం ఆ మాట ముందుగా చెప్పకపోవడం పెద్దవాళ్లతో వెళ్లేవారికి అన్యాయమే. మర్నాడు పుష్కర ఘాట్ వైపు ఒక చిన్న లాడ్జికి మారాము. కింది అంతస్తులో గది, ఉతికిన దుప్పట్లు, ఉదయం ఆరింటికే కాఫీ, వీధి మలుపులో వేడివేడి పెసరట్టు ఉప్మా దొరికాయి. అద్దె కొద్దిగా ఎక్కువే అయినా, ఈ ఊళ్లో అమ్మానాన్నలతో దిగేవారికి ఘాట్ దగ్గర కింది అంతస్తు గదే మంచిదని చెబుతాను.

ఆత్రేయపురానికి కారు రోజు లెక్కన మాట్లాడుకున్నాము. పాతిక కిలోమీటర్ల లోపే దూరం. ధవళేశ్వరం దాటి, బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, కాలువ గట్టున వెళ్లే ఆ దారి ఎంత అందంగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. 1852 నాటికి కాటన్ దొర పూర్తి చేయించిన ఆనకట్ట స్థానంలోనే ఇప్పటి బ్యారేజీ ఉంది. ఆ నీళ్లు పారబట్టే ఇక్కడ వరి, ఆ వరి ఉండబట్టే పూతరేకు. శనివారం మాత్రం ఈ దారి పెట్టుకోవద్దు. వాడపల్లి వేంకటేశ్వరస్వామి గుడికి ఏడు శనివారాల మొక్కుతో వచ్చే జనం వల్ల వాహనాలు గంటలకొద్దీ ఆగిపోతాయి. మేము మంగళవారం వెళ్లడం వల్ల అరగంట దాటగానే ఊళ్లో ఉన్నాము.

ఊరి మొదట్లో వరుసగా కనిపించే దుకాణాల్లో దొరికేవి మడిచిన పూతరేకులు. వాటికి కావలసిన రేకు తయారయ్యేది చాలావరకు ఇళ్లలోనే, ఆడవాళ్ల చేతుల మీదుగానే. ఒక దుకాణంలో అడిగితే వారే తమకు రేకులు ఇచ్చే ఇంటికి దారి చూపించారు. పెరట్లో తాటాకు చూరు కింద పొయ్యి, పొయ్యి మీద ఈ పనికోసమే కుమ్మరి చేసిన కుండ ఉన్నాయి. మామూలు కుండలా దాని మూతి పైకి ఉండదు, పొయ్యి వైపు తిరిగి ఉంటుంది. నున్నని వెడల్పాటి వీపు పైకి ఉంటుంది. ఆ మూతిలోంచి ఎండు కొబ్బరాకులు అందిస్తూ ఉంటే మంట లోపలే ఆడుతుంది. పక్కన గిన్నెలో నానబెట్టి రుబ్బిన జయ రకం బియ్యపు పిండి ఉంది. పిండి అనడం కన్నా పలుచటి బియ్యప్పాలు అంటే సరిగ్గా ఉంటుంది. ఆమె జేబురుమాలంత తెల్లని పలుచని గుడ్డను రెండు చేతుల వేళ్లతో పట్టుకుని, ఆ పాలలో ముంచి, కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగింది. చుయ్‌మని చిన్న చప్పుడు, కాస్త ఆవిరి. కళ్లు మూసి తెరిచేలోగా రేకు ఆరిపోయి, అంచు తనంతట తానే లేచింది. ఆ అంచును రెండు వేళ్లతో పట్టి ఊడదీసి పక్కన పేర్చింది. పూత పూస్తే రేకు అయ్యేది కాబట్టి పూతరేకు. కుండ ముందు కూర్చుని చూస్తే తప్ప ఆ పేరులోని నిజం పట్టుబడదు.

అమ్మ ఒక రేకును అందుకుని ఎండకు ఎత్తి పట్టి చూసింది. దానిలోంచి ఆమె వేళ్లు, చేతి గాజులు కూడా కనిపించాయి. "మధ్యలో మందంగా ఉంటే నోట్లో అంటుకుంటుంది, ఇది బాగుంది" అన్నది. ఆ ఇంటావిడ నవ్వి, "కుండ బాగా కాగాలండి మామ్మగారూ. కాగకపోతే ఊడదండి, ఎక్కువ కాగితే మాడిపోద్దండి. ఆయ్, చెయ్యే చెప్పాలండి" అన్నది. ఆమె ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు ఉన్నాయి. ఆ సెగ ముందు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా కూర్చునే ఆమెకు రేకుల లెక్కన కూలి ముడుతుంది. నెయ్యి, పంచదార, జీడిపప్పు, రంగుపెట్టె చేరాక పెరిగే ధరలో ఆమె వాటా చాలా చిన్నది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వల్ల కలిగే లాభం మొదట ఈ పొయ్యి దగ్గరికి రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

మడత వేసేవారి పని మరొక రకం. రేకు మీద తడిగుడ్డతో అలా అద్ది, మెత్తబడిన క్షణంలో నెయ్యి రాసి, పంచదార పొడి గాని బెల్లం పొడి గాని చల్లి, మరో రేకు వేసి మడుస్తారు. పలుచటి పొరలు పేర్చి మిఠాయి చేయడం తుర్కీయుల బక్లావాలోనూ ఉంది. కాని అక్కడ గోధుమపిండిని కర్రతో ఒత్తి పొరలు చేసి, పేర్చి, పొయ్యిలో కాలుస్తారు. ఇక్కడ పొర తయారవడం, కాలడం ఒకే క్షణంలో జరుగుతాయి. బాదం, పిస్తా, చాక్లెట్ వేసినవి కూడా అమ్ముతున్నారు. పిల్లలు ఇష్టపడతారేమో కాని, నాకు మాత్రం అవి రేకు రుచిని కప్పేసినట్టు అనిపించాయి. బెల్లం, నెయ్యి, కొద్దిగా ఏలకుల పొడి ఉన్నదే కొనండి. కొనేముందు ఒకటి విప్పి వాసన చూడండి. మా డ్రైవరు తిరుగుదారిలో పట్టుబట్టి ఆపిన ఒక రహదారి దుకాణంలో 'స్వచ్ఛమైన నేతి' పూతరేకులంటూ ఇచ్చినదాన్ని నోట్లో వేసుకుంటే అంగిట్లో మైనంలా పట్టుకున్నది. అది వనస్పతి అని వేరే చెప్పనక్కరలేదు. మామిడి తాండ్రకూ ఆత్రేయపురం పేరున్నదే గాని, దాని కోసం వేసవిలో, మామిడి రసాన్ని పొరలుపొరలుగా ఎండబెట్టే రోజుల్లో వెళ్లాలి.

మూడో రోజు ద్వారపూడి మీదుగా తాపేశ్వరం వెళ్లాము. పొడవుగా సాగదీసిన మైదా పిండిని చుట్టచుట్టి, ముక్కలు కోసి, అదిమి, సన్నని సెగన వేయించి పాకంలో వేసే మడతకాజా ఈ ఊరి సొత్తు. పెద్ద కడాయిలో కాజాలు మునిగి, నెమ్మదిగా తేలుతూ, పొరలు ఒక్కొక్కటే విచ్చుకోవడం అద్దం వెనుక నిలబడి చూడనిచ్చారు. అన్ని దుకాణాలూ ఇలా వంటగది చూపించాలని కోరుకుంటున్నాను. 2016లో వినాయకచవితికి 29,465 కిలోల లడ్డూ చేసి గిన్నిస్ రికార్డు సాధించినది ఈ ఊరి మిఠాయివాళ్లే. అంత పెద్ద లడ్డూ కట్టగల ఊరిలో కూడా నాకు గొప్పగా తోచింది అరచేతిలో ఇమిడే కాజాయే. వేడిగా ఉన్నప్పుడు పై పొర కరకరలాడుతుంది, లోపలి పొరల్లో పాకం నిలిచి ఉంటుంది. వారం రోజులు నిలవ ఉంటుందని చెప్పినా, మూడో రోజుకే ఆ కరకర తగ్గడం గమనించాను. హైదరాబాదు దాకా ధైర్యంగా తెచ్చుకోవచ్చు. సముద్రాలు దాటించడం దండగ. ఈ ఊళ్లో బస అవసరం లేదు, మధ్యాహ్నం భోజనానికి మండపేటలో మంచి మెస్సులు ఉన్నాయి.

అక్కడి నుంచి రామచంద్రపురం మీదుగా సాయంత్రానికి కాకినాడ చేరాము. ఇక్కడ కోటయ్య కాజా అని పిలిచే గొట్టం కాజా మడతకాజాకు దాయాదే కాని, స్వభావంలో పూర్తిగా వేరు. దీనిలో పొరలు లెక్కపెట్టే పని లేదు, లోపల గుల్లగా ఉండి, ఆ గుల్ల నిండా పాకం ఉంటుంది. కొత్తవారు కొరికి చొక్కా తడుపుకుంటారు. తల వెనక్కు వంచి ఒకేసారి నోట్లో వేసుకోవాలని అమ్మ నాకు చిన్నప్పుడే నేర్పింది. కాకినాడలో బస విషయంలో మాకు ఏ ఇబ్బందీ కలగలేదు. బస్సుస్టాండుకు దగ్గరలో లిఫ్టు పనిచేసే హోటలు, అడగగానే కింది అంతస్తులోకి మార్చిన మేనేజరు, రాత్రి పదిన్నరకు కూడా వేడి అన్నం దొరికాయి. కాజాను మాత్రం పెట్టెలో కట్టించుకోవద్దు. అడుగున పాకం చేరి, కిందివి నాని, పైవి ఎండిపోతాయి. అక్కడే నిలబడి తినవలసిన మిఠాయి అది.

చివరి రోజు రైలులో విజయవాడ, అక్కడి నుంచి బస్సులో సుమారు డెబ్బై కిలోమీటర్లు ప్రయాణించి బందరు చేరాము. ప్రయాణం అమ్మకు బడలికగా ఉన్నమాట నిజం. పెద్దవాళ్లు ఉంటే విజయవాడలో ఒక రాత్రి ఆగడం మేలు. కాని ఈ యాత్రలో నా అభిప్రాయం పూర్తిగా మార్చినది బందరు లడ్డే. బందరు లడ్డు అంటే ముద్దగా ఉండే శనగపిండి ఉండ అని అనుకుంటూ వచ్చాను. శనగపిండిని సన్నటి పూసలా వేయించి, ఆ పూసను రోట్లో దంచి, జల్లెడ పట్టి, బెల్లప్పాకం పోసి, మళ్లీ నెయ్యి వేస్తూ దంచుతారు. తొక్కుడు లడ్డు అన్న పేరు దానివల్లనే వచ్చింది. ఒక దుకాణం వెనుక ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి రోకళ్లు వేస్తూ ఉంటే, పిండి రంగు తేనెరంగు నుంచి మట్టిరంగుకు తిరగడం చూశాము. బుందేల్‌ఖండ్ ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన బొందిలీలు ఈ విద్యను ఇక్కడికి తెచ్చారని చెబుతారు. 2017లో దీనికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత దంచడం వల్ల తడి తగ్గి, నెయ్యి లోపలిదాకా పట్టి, పదిహేను రోజులైనా రుచి చెడదు. గోధుమపాలతో చేసే నల్లని బందరు హల్వా కూడా మెత్తగా, నమలవలసిన పని లేకుండా ఉంది. అమ్మ అరకిలో తనకోసమే వేరుగా కట్టించుకున్నది.

ఇక అసలు ప్రశ్న మిగిలింది: మా అమ్మాయికి పూతరేకులు ఎలా చేర్చాలి? దీనికి జవాబు ఆత్రేయపురంలో ఆ పొయ్యి ముందే దొరికింది. "మడతపెట్టినవి పంపకండి మామ్మగారూ, నెయ్యి తగిలాక రేకు ఆగదండి. విడి రేకులు పట్టుకెళ్లండి, అక్కడే మడుచుకుంటారు" అన్నది ఆ ఇంటావిడ. వంద విడి రేకులు లెక్కపెట్టి, కింద ఒక అట్ట, పైన ఒక అట్ట వేసి, మధ్యమధ్య కాగితం పరిచి, నూలుదారంతో వదులుగా కట్టి ఇచ్చింది. దుకాణాల్లో ఎక్కడా మాకు ఈ సలహా చెప్పలేదు. హైదరాబాదు వచ్చాక ఆ కట్టను ఒక వెడల్పాటి స్టీలు డబ్బాలో పెట్టి, చుట్టూ పాత దుపట్టా కూరి, బందరు లడ్డుతో కలిపి పంపాము. ఈసారి వేరే కొరియరు. అక్కడ పెట్టెను తూచిన అమ్మాయి డబ్బాను ఒకసారి మెల్లగా ఊపి చూసి, మరో పొర బుడగల ప్లాస్టిక్కు చుట్టమని తానే చెప్పింది.

పన్నెండు రోజులకు పెట్టె చేరింది. లడ్డులు ఒక్కటీ విరగలేదు. రేకుల్లో అంచులు చిట్లినవి పది, పదిహేను ఉన్నాయి. ఆ ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ ఇక్కడ కూర్చుని, "తడిగుడ్డ పిండేయవే, అద్దాలి గాని తుడవకూడదు" అని చెబుతూ ఉంటే, మా అమ్మాయి అక్కడి వంటింట్లో మొదటి రేకు మీద నెయ్యి రాసింది. ఆ రేకు చిరిగింది. రెండోది నిలిచింది.