పాత అంబాసిడర్ 1800కి బయట బిగించిన ఏసీ: కొన్ని వేసవులు వాడాక

ఏసీ లేకుండా వచ్చిన అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్ పెట్రోలు బండికి బయటి షాపులో ఏసీ బిగించుకోవచ్చా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది: నిక్షేపంగా బిగించుకోవచ్చు. అయితే డబ్బు ముందు బానెట్ కింద ఖర్చు పెట్టండి, మిగిలింది డ్యాష్‌బోర్డు కింద పెట్టండి. షాపువాళ్లు చూపించేది లోపల వేలాడే యూనిట్, దాని గ్రిల్లు, దాని లైటు. మే నెలలో విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు చల్లగాలి వస్తుందా రాదా అన్నది మాత్రం బండి ముక్కు దగ్గర, కండెన్సర్ (ఏసీ గ్యాసు వేడిని బయటికి వదిలే జాలీ) గుండా ఎంత గాలి పోతోంది అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ సమీక్ష 1817 సీసీ ఇసుజు ఇంజను, కార్బురేటర్, ఫ్లోర్ గేరు ఉన్న బండి గురించి. విజయవాడ, ఖమ్మం, హైదరాబాద్ దారుల్లో కొన్ని వేసవులు వాడాక తేలిన సంగతులు ఇవి.

కండెన్సర్‌తో మొదలుపెడతాను. పాత కిట్లలో గుండ్రటి ట్యూబు, రేకులున్న కండెన్సర్ ఇచ్చేవారు. అప్పట్లో ఏసీల్లో వాడిన ఆర్-12 గ్యాసుకు అది సరిపోయేది. ఇప్పుడు వాడే ఆర్-134ఎ అదే వేడిలో ఎక్కువ ప్రెషర్ మీద నడుస్తుంది కాబట్టి చదునైన ట్యూబులుండే ప్యారలల్ ఫ్లో రకమే తీసుకోవాలి. సుమారు 14 అంగుళాల ఎత్తు, 22 అంగుళాల వెడల్పు ఉన్నది దొరికితే రేడియేటర్ ముఖం చాలావరకు కప్పుకుంటుంది. రెండింటి మధ్య 20 నుంచి 25 మిల్లీమీటర్ల సందు చాలు, అంతకంటే ఎక్కువ వదిలితే గాలి పక్కల నుంచి జారిపోతుంది. ఆ సందుకు నాలుగు వైపులా ఫోమ్ పట్టీ అతికించాలి. చూడ్డానికి చిన్న పని, ఆగిన బండిలో దీని తేడా గేజిలో కనిపిస్తుంది. కండెన్సర్‌ను ప్లాస్టిక్ కేబుల్ టైలతో రేడియేటర్ కోర్‌కే కట్టేసే అలవాటు కొందరికి ఉంది. ఆ టైలు ఊగి ఊగి రేడియేటర్ ట్యూబులను కోసేస్తాయి. ఫ్రేముకు విడిగా నాలుగు క్లాంపులు చేయించి, మధ్యలో రబ్బరు బుష్షులు పెట్టి బిగించాలి.

ఇంజను వైపు బెల్టు ఫ్యాను తిరుగుతుంటుంది కాబట్టి ఎలక్ట్రిక్ ఫ్యాన్ కండెన్సర్ ముందు, గాలిని లోపలికి నెట్టేలా పెట్టాలి. 12 అంగుళాల పలుచటి ఫ్యాను ఒకటి గానీ, 10 అంగుళాలవి రెండు గానీ సరిపోతాయి. ఇక్కడ వచ్చే పెద్ద తప్పు వైర్లు తిరగేసి కలపడం. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, శబ్దం బాగానే ఉంటుంది, గాలి మాత్రం బయటికి వస్తుంటుంది. లోపల ఇంజను ఫ్యాను ఒకవైపు లాగుతుంటే ఇది మరోవైపు తోస్తుంది. బండి నడుస్తుంటే చల్లగానే ఉండి, ఆగిన నిమిషంలో వేడిగాలి వస్తోందంటే ముందు దీన్నే చూడాలి. గ్రిల్ ముందు ఒక పేపరు ముక్క పట్టుకుంటే అది లోపలికి లాక్కుపోయి అతుక్కోవాలి.

కండెన్సర్ నుంచి బయటపడే వేడి నేరుగా రేడియేటర్ మీదికే వస్తుంది. అందుకే ఏసీ బిగించే ముందు రేడియేటర్ పని పూర్తి చేయాలి. కోర్ పాతదైతే నాలుగు వరసలది వేయించాలి. అంతకంటే ముఖ్యమైనది ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు, అంటే ష్రౌడ్. చాలా బండ్లలో అది విరిగిపోయి ఎప్పుడో తీసి పారేసి ఉంటారు. ష్రౌడ్ లేని ఫ్యాను రేడియేటర్ మధ్యభాగం నుంచే గాలి లాగుతుంది, మూలలు ఉడుకుతూనే ఉంటాయి. రేకుతో చేయించినా సరే, ఫ్యాను రెక్క సగం లోపల, సగం బయట ఉండేలా, చుట్టూ అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం సందు వచ్చేలా చేయించాలి. ఇంజను థర్మోస్టాట్ తీసేస్తే వేడి తగ్గుతుందని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. 82 డిగ్రీలది కొత్తది వేసి, కుళాయి నీళ్లు బదులు కూలెంట్ పోయడమే సరైన పని.

కంప్రెసర్ విషయంలో ఈ ఇంజనుకు శాండెన్ ఎస్‌డీ 5హెచ్14 సరిగ్గా సరిపోతుంది. ఒక చుట్టు తిరిగితే 138 సీసీ గ్యాసు లాగుతుంది. పాత ఎస్‌డీ 508 కూడా అంతే, కానీ అది ఆర్-12 కాలంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటే లోపలి మినరల్ ఆయిల్ పూర్తిగా ఒంపేసి, సీళ్లు మార్చి, ఆర్-134ఎకి సరిపడే పీఏజీ ఆయిల్ పోయించాలి. మినరల్ ఆయిల్ ఆర్-134ఎతో కలవదు, లోపలి యూనిట్‌లోని కూలింగ్ కాయిల్‌లోనే చేరి ఉండిపోతుంది, ఇక్కడ కంప్రెసర్ ఎండి పట్టేస్తుంది. కొత్త 5హెచ్14లో పీఏజీ ఆయిల్ పోసే వస్తుంది. ఎంత ఉందో లేబుల్ మీద ఉంటుంది. మంచిది కదా అని పైన ఇంకో యాభై సీసీ పోస్తే చల్లదనం తగ్గుతుంది.

కంప్రెసర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీర్ఘకాలంలో తెగేది ఇదే. రెడీమేడ్ బ్రాకెట్ దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్‌లో లేత్, వెల్డింగ్ షాపులవాళ్లు చేసిపెడతారు. ప్లేటు 8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 10 అయితే నిశ్చింత. ఎల్ ఆకారంలో వంచి వెల్డింగ్ చేసిన చోట తప్పకుండా త్రికోణపు సపోర్టు ముక్క వేయాలి. అది లేకపోతే వెల్డింగ్ అంచు వెంబడే, వెంట్రుక మందాన పగులు మొదలవుతుంది. దుమ్ము తుడిచి చూస్తే తుప్పు రంగు గీతలా కనపడుతుంది. ఆ దశలో పట్టుకుంటే మళ్లీ వెల్డింగ్‌తో పోతుంది, లేదంటే బెల్టు జారడం, తర్వాత కంప్రెసర్ వేలాడడం. బ్రాకెట్ మొత్తం ఇంజను బ్లాకుకే బిగించాలి. ఒక చివర ఇంజనుకు, మరో చివర బాడీకి పట్టించారంటే ఖాయంగా విరుగుతుంది, ఇంజను రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంటుంది కదా. బోల్టులు 8.8 గ్రేడువే వాడాలి.

క్రాంక్ పుల్లీకి అదనపు గాడి లేత్ మీద చేయించేటప్పుడు దాని సైజు కంప్రెసర్ పుల్లీ కంటే కాస్త పెద్దదిగా ఉంచండి. కంప్రెసర్‌ది 132 మిల్లీమీటర్లయితే క్రాంక్‌ది 155 నుంచి 160 వరకు. అప్పుడు 800 ఆర్‌పీఎం ఐడిలింగ్‌లో కూడా కంప్రెసర్ దాదాపు 950 తిరుగుతుంది. ట్రాఫిక్‌లో చల్లదనం నిలబడేది దీనివల్లే. రెండు పుల్లీల గాళ్లు ఒకే వరసలో ఉన్నాయో లేదో తిన్నని ఇనప పట్టీ ఆనించి చూడాలి. ఒకటిన్నర మిల్లీమీటరు తేడా ఉన్నా బెల్టు ఒకవైపు అరిగి పొడి రాలుస్తుంది. బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే 10, 12 మిల్లీమీటర్లు దిగాలి. కొత్త బెల్టు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సాగుతుంది, మళ్లీ టైటు చేయకపోతే కంప్రెసర్ క్లచ్ పట్టిన ప్రతిసారీ కీచుమంటుంది.

పైపుల్లో సక్షన్‌కి (కంప్రెసర్‌లోకి వచ్చేది) 10 నంబరు, డిశ్చార్జికి (కంప్రెసర్ నుంచి పోయేది) 8, లిక్విడ్ లైనుకు (కండెన్సర్ నుంచి కాయిల్ వైపు పోయేది) 6. మూడూ లోపల నైలాన్ పొర ఉన్న బ్యారియర్ రకమే కావాలి. ఆర్-12 నాటి మామూలు రబ్బరు హోసుల్లోంచి ఈ గ్యాసు గోడల గుండానే మెల్లగా ఇంకిపోతుంది. ఏ జాయింటులోనూ లీకు దొరకదు, గ్యాసు మాత్రం ఏటా తగ్గుతుంటుంది. ఓ-రింగులు హెచ్‌ఎన్‌బీఆర్ రకం, చాలావరకు ఆకుపచ్చగా ఉంటాయి. ప్రతి జాయింటుకూ రెండు స్పానర్లు పట్టే బిగించాలి, ఒక్కదానితో తిప్పితే అల్యూమినియం పైపు మెలిపడుతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ నుంచి పైపు కనీసం నాలుగు అంగుళాల దూరంలో ఉండాలి.

గ్యాసు ఎక్కించే దగ్గరే తొందరపాటు ఎక్కువ. ముందు నైట్రోజన్‌తో 150 నుంచి 200 పీఎస్ఐ పెట్టి సబ్బు నురగతో ప్రతి జాయింటూ చూడాలి. టైర్లకు పట్టే గాలి కంప్రెసర్‌తో టెస్టు చేస్తామంటే ఒప్పుకోవద్దు, అందులోని తేమంతా లోపల చేరుతుంది. ఫిల్టర్ అని పిలిచే డ్రయ్యర్ మూతలు ఆఖరున, వ్యాక్యూమ్‌కి ముందే తీయాలి, పొద్దున విప్పి సాయంత్రం దాకా వదిలేస్తే అది గాలిలో తేమను తాగేసి పనికిరాకుండా పోతుంది. వ్యాక్యూమ్ పంపు 45 నిమిషాలు నడవాలి. గేజి 29 అంగుళాల దాకా దిగాక పంపు ఆపి అరగంట చూడాలి. ముల్లు కదిలిందంటే లీకు ఉన్నట్టే, ఆ రోజు గ్యాసు ఎక్కించకూడదు.

ఇలాంటి కిట్‌కు కంపెనీ స్టిక్కరు ఉండదు కాబట్టి త్రాసు మీద తూచి ఎక్కించాలి. వ్యాక్యూమ్ మీదే 250, 300 గ్రాములు లాగనిచ్చి, ఇంజను 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, లో సైడు (కంప్రెసర్‌లోకి గ్యాసు వచ్చే తక్కువ ప్రెషర్ వైపు) నుంచి 50 గ్రాముల చొప్పున, ప్రతిసారీ ఐదు నిమిషాలు ఆగి ఎక్కించాలి. కంప్రెసర్ నడుస్తుండగా గేజి హై సైడు వాల్వు తెరవకూడదు, ఆ ప్రెషర్ క్యాన్‌లోకి ఎదురు తంతే క్యాను పగులుతుంది. ఈ బండికి 650 గ్రాముల దగ్గర సర్దుకుంది. బయట 40 డిగ్రీలున్నప్పుడు లో సైడు 30 నుంచి 38, హై సైడు 240 నుంచి 270 పీఎస్ఐ ఉంటే బాగున్నట్టు. హై సైడు 260 అంటే గ్యాసు 65 డిగ్రీల దగ్గర ద్రవమవుతోందని అర్థం. అదే 300 దాటిందంటే చాలా చోట్ల గ్యాసు తక్కువైందని ఇంకా ఎక్కిస్తారు. అసలు లోటు గాలిది. ఒక బకెట్ నీళ్లు కండెన్సర్ మీద పోసి చూడండి, ప్రెషర్ వెంటనే 50, 60 పడిపోయి లోపల చల్లబడితే గ్యాసు జోలికి పోకుండా ఫ్యాను, ఫోమ్ పట్టీలు సరిచేయించండి. ఖర్చు తగ్గిస్తామని వంటగ్యాసు కలిపిన సిలిండర్లు ఎక్కించే చోట ఒక్క నిమిషం కూడా నిలబడొద్దు. కూలింగ్ కాయిల్ లీకైతే ఆ గ్యాసు చేరేది మనుషులు కూర్చునే చోటికి.

కరెంటు లెక్క సూటిగా చెప్పేస్తాను. కంప్రెసర్ క్లచ్ 4 ఆంపియర్లు, బ్లోయర్ 8 నుంచి 10, కండెన్సర్ ఫ్యాను మరో 8 నుంచి 10, రాత్రి హెడ్‌లైట్లు 10. ఇగ్నిషన్, వెనక లైట్లు కలిపితే 35 దాటుతుంది. పాత ఆల్టర్నేటర్ ఐడిలింగ్‌లో ఇందులో సగం కూడా ఇవ్వలేదు, వానలో వైపర్ వేసేసరికి బ్యాటరీ తినడం మొదలవుతుంది. 60, 65 ఆంపియర్లది వేయించుకోవాల్సిందే. ఫ్యానుకు, బ్లోయర్‌కు విడివిడి రిలే, విడివిడి ఫ్యూజు, బ్యాటరీ నుంచి 4 స్క్వేర్ ఎంఎం వైరు. స్విచ్చి గుండా నేరుగా కరెంటు పంపితే అంబాసిడర్ పాత వైరింగ్ కాలిపోతుంది. డ్రయ్యర్ మీద ప్రెషర్ స్విచ్చి తప్పనిసరి. గ్యాసు లేనప్పుడూ, ప్రెషర్ మరీ పెరిగినప్పుడూ క్లచ్‌ను ఆపి కంప్రెసర్‌ను కాపాడేది అదొక్కటే.

ఐడిల్-అప్ (ఏసీ వేసినప్పుడు ఐడిలింగ్ పెంచే ఏర్పాటు) లేకుండా బిగించిన బండ్లు సిగ్నల్ దగ్గర వణికి ఆగిపోతాయి. క్లచ్ వైరుతో పనిచేసే వ్యాక్యూమ్ వాల్వు, దాని నుంచి కార్బురేటర్ లీవర్‌ను నెట్టే డయాఫ్రం పెడితే ఏసీ వేసినప్పుడు 950, 1000 దగ్గర నిలబడుతుంది. దాని బదులు స్క్రూ తిప్పి ఎప్పుడూ ఐడిలింగ్ పెంచి ఉంచితే పెట్రోలు వృథా.

లోపలి యూనిట్ కొనేముందు గేరు లీవర్ మొదటి, మూడో, ఐదో గేర్లలో ఎంత ముందుకు వస్తుందో కొలుచుకోండి, చేతి కణుపులు యూనిట్‌కు తగలకూడదు. నీటి పైపు వాలుగా, ఎక్కడా పైకి లేవకుండా కిందికి దిగాలి. కోస్తా ఉక్కపోతలో ఆ పైపు నుంచి నీళ్లు ధారగా కారుతాయి. అది మూసుకుపోతే నీళ్లు మ్యాట్ కిందికి చేరి ఫ్లోర్ రేకును తినేస్తాయి, పైకి ఏమీ కనపడదు. వేసవి ముందు ఒకసారి పైపులోకి గాలి ఊదించుకోవడం మంచిది.

హైవే మీద గంట నడిచాక గాలి సన్నబడి, ఏసీ ఆపి పది నిమిషాలకు మళ్లీ వేస్తే బాగా వస్తోందంటే కాయిల్ మీద మంచు కట్టినట్టు. ఏసీ థర్మోస్టాట్ తీగ కాయిల్ రేకుల్లోకి రెండు అంగుళాలైనా దిగాలి. పైపైన గుచ్చి వదిలేస్తే అది చలిని గుర్తించదు, కంప్రెసర్ ఆగదు.

ఫలితం విషయానికి వస్తే, బయట 40 ఉండి 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఇరవై నిమిషాల్లో మధ్య గ్రిల్లు దగ్గర థర్మామీటర్ 9 నుంచి 11 డిగ్రీలు చూపిస్తుంది. ట్రాఫిక్‌లో 14 నుంచి 17. ముందు సీట్లకు ఢోకా లేదు, వెనక సీటు చల్లబడడానికి ఇంకో పావుగంట పడుతుంది. టాపు రేకు కింద, ఇంజను గోడ లోపలివైపు 10 మిల్లీమీటర్ల నైట్రైల్ ఫోమ్ వేసి, డోర్ బీడింగులు మార్చి, పెడల్ రంధ్రాలు మూశాక వెనకవాళ్ల ఫిర్యాదు సగం తగ్గింది. మైలేజీ లీటరుకు ఒకటిన్నర నుంచి రెండు కిలోమీటర్లు పడిపోతుంది. అరకు, శ్రీశైలం ఘాట్ల మీద రెండో గేరులో ఎక్కేటప్పుడు ఏసీ ఆపేయడమే ఇంజనుకు మేలు.

ఈ యూనిట్ లోపలి గాలినే తిప్పుతుంది, బయటి గాలి తీసుకోదు. ఐదుగురు ఎక్కితే అప్పుడప్పుడు అద్దం అంగుళం దించాలి. ఇంజను నడుస్తుండగా ఆగిన బండిలో ఏసీ వేసుకుని పడుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది, పాత బండి సైలెన్సర్ జాయింట్ల నుంచి పొగ ఏ రంధ్రం గుండా లోపలికి వస్తుందో తెలియదు.

చలికాలంలో కూడా వారానికి పది నిమిషాలు ఏసీ నడపండి. నడవకపోతే షాఫ్ట్ సీల్ ఎండి అక్కడ గ్యాసు పోతుంది, వేసవి మొదట్లో కంప్రెసర్ ముందు భాగం నూనె జిడ్డుగా కనపడేది అందుకే. క్లచ్ ప్లేటు సందు 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అరిగి ఎక్కువైతే వేడి మీద క్లచ్ పట్టదు, చల్లారాక పడుతుంది. వరి కోతల తర్వాత పొట్టు, పురుగులు కండెన్సర్ రేకుల్లో దట్టంగా ఇరుక్కుంటాయి, ఇంజను వైపు నుంచి ముందుకు మామూలు పైపు నీళ్లతో కడగాలి. ప్రెషర్ వాషర్ పెడితే రేకులు పడుకుండిపోతాయి.

1489 సీసీ డీజిల్ అంబాసిడర్‌కు మాత్రం ఇది వద్దంటాను. నలభై హార్స్‌పవర్ కూడా రాని ఆ ఇంజను మీద కంప్రెసర్ మూడు నాలుగు హార్స్‌పవర్ లాక్కుంటే ఫ్లైఓవర్ ఎక్కడానికే కష్టపడుతుంది. పాత 1489 పెట్రోలుకైతే రేడియేటర్, ష్రౌడ్, ఆల్టర్నేటర్ మూడూ ముందు మార్చి, ఒక వేసవి ఏసీ లేకుండా నడిపి, ఇంజను వేడి చూపే మీటరు ముల్లు మధ్యలోనే నిలబడుతోందని చూసుకున్నాకే కిట్ కొనండి.