మిరప కోతకు వెళ్లండి, స్నానానికి లాడ్జి మాత్రం వద్దు

గుంటూరు బస్టాండు దగ్గర ఓ లాడ్జివాడు మూడు గంటలు ఉన్నందుకు మా దగ్గర 1,500 గుంజాడు. ఆ కడుపుమంట తర్వాత చెబుతా, ముందు చేను సంగతి.

ప్రత్తిపాడు వైపు మా ఆవిడ వాళ్ల పిన్నిగారికి మూడెకరాల తేజ రకం మిరప ఉంది. కోతకు మనుషులు దొరకడం లేదంటే శనివారం మేమే బయల్దేరాం. విజయవాడ నుంచి కారుకు టోలుతో కలిపి 3,200. దారంతా హైవే, చెప్పుకోడానికేం లేదు.

పండిన కాయనే కోయాలి, అదీ తొడిమతో. మావాడు పచ్చికాయలు కూడా దూసేస్తుంటే పక్క సాలులో కోస్తున్నావిడ ఆపింది. చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా, తలకు తువ్వాలు. "కాయ లాగమాక నాయనా, తొడిమ పట్టుకుని పైకి విరువు" అని చూపించింది. రెండు చేతులా రెండు కొమ్మలు కోస్తోందావిడ. మేం బకెట్ నింపేలోగా ఆవిడ గోతం నిండింది. గట్టు మీద కూర్చున్న మా అత్తగారు, "మీకు కూలిస్తే మా చెల్లెలి కొంప మునిగినట్టే" అంటూనే ఉన్నారు.

కల్లంలో ఎండిన కాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరే పని అత్తగారికే దక్కింది. 2021-22లో నల్ల తామర పురుగు పూతంతా నాశనం చేస్తే చేను దున్నేశామని బాబాయిగారు చెప్పారు.

భోజనం గురించి చెప్పాలి. పొద్దున కోసిన పండుమిరపకాయల్ని చింతపండు, ఉప్పు, వెల్లుల్లితో రోట్లో తొక్కి ఇంగువ పోపు పెట్టారు. వేడన్నం, ముద్దపప్పు, గేదె నెయ్యి. ఇంట్లో చారులో మిరియం తగిలినా గోల చేసే మా అమ్మాయి ముక్కు చీదుకుంటూ మారు వడ్డించుకుంది. చివర్లో మజ్జిగ. వెయ్యి రూపాయల బఫేలో నాకింత తృప్తి కలగలేదు.

సాయంత్రం గుంటూరు బ్రాడీపేటలో రిసెప్షన్. పిన్నిగారింట్లో బాత్రూం ఒక్కటే, అందుకని లాడ్జి. అప్పటికి అందరి చేతులూ భగభగ. చల్లనీళ్ల కుళాయి తిప్పితే సలసలా వేడినీళ్లు! మిరపమంటకు వేడి తగిలితే ఇంకేముంది, అమ్మాయి ఏడుపు కింద కౌంటర్ దాకా వినిపించింది. అడిగితే, "ట్యాంకు డాబా మీదుంది కదండీ, మేమేం చేస్తాం" అన్నాడు. బకెట్ ఐస్ తెప్పించమంటే 100 అడిగాడు. తువ్వాలుకు 50 చొప్పున మరో 200. బిల్లు లేదు. మా ఆవిడ రిసెప్షన్‌లోనూ మాట్లాడలేదు, మంగళగిరి దాటాక గానీ నోరు విప్పలేదు.

మిరప ఘాటు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. కోతకు ముందే చేతులకు కొబ్బరినూనె పట్టించండి, అయ్యాక మళ్లీ నూనె రాసి సబ్బుతో కడగండి. ఈ మాట బాబాయిగారు మర్నాడు ఫోన్లో చెప్పారు. ఫిబ్రవరి, మార్చి మంచి సమయం. పనిలో పనిగా మిర్చి యార్డు చూద్దామనుకుంటే మాలాగా శనివారం వెళ్లకండి, శని ఆదివారాలు సెలవు.